అండమాన్ దీవులకు కారు తరలింపు

అండమాన్ దీవులకు కారు తరలింపు అనగా భారతదేశ ప్రధాన భూభాగంలో నమోదైన సొంత కారును, యజమాని ఉద్యోగరీత్యా గాని వ్యాపారరీత్యా గాని అండమాన్ దీవులకు నివాసం మార్చుకొన్నపుడు, సముద్ర మార్గాన అక్కడికి చేర్చుకొనే ప్రక్రియ. ప్రధాన భూభాగానికి, ఈ దీవులకు మధ్య సుమారు 1,200 కిలోమీటర్ల బంగాళాఖాతం ఉన్నది. రోడ్డు మార్గం గాని, రైలు మార్గం గాని లేవు. కనుక కారు ఓడలోనే వెళ్ళవలసి ఉంటుంది. ఇది ఒకే దేశంలోని రెండు ప్రాంతాల మధ్య జరిగే రవాణా కాబట్టి దీనికి కస్టమ్స్ సుంకం వర్తించదు.

ఈ ప్రక్రియలో మూడు భాగాలు ఉన్నవి: రిజిస్ట్రేషన్ పత్రాల మార్పు, ఓడ రవాణా, బీమా. మొదటి రెండూ జరగనిదే కారు కదలదు గనుక వాటిని ఎవరూ మరచిపోరు. మూడవది లేకపోయినా కారు ఓడ ఎక్కుతుంది. అయితే భారతదేశంలో సాధారణంగా తీసుకొనే మోటారు బీమా పాలసీ వర్తించే రవాణా మార్గాల జాబితాలో సముద్రం లేదు. ప్రయాణంలో కారుకు ఏదైనా జరిగితే యజమాని పూర్తిగా నష్టపోయే అవకాశం ఉన్నది. ఈ విషయం బీమా విభాగంలో వివరించబడినది.

నేపథ్యం

అండమాన్ నికోబార్ దీవులు బంగాళాఖాతానికి ఆగ్నేయ దిశలో ఉత్తర దక్షిణాలుగా వ్యాపించి ఉన్న కేంద్రపాలిత ప్రాంతం. దీని వైశాల్యం 8,249 చదరపు కిలోమీటర్లు. 2011 జనగణన ప్రకారం జనాభా 3,80,581. రాజధాని పోర్ట్ బ్లెయిర్. 2024 సెప్టెంబరులో కేంద్ర ప్రభుత్వం ఈ నగరం పేరును శ్రీ విజయపురంగా మార్చినది. అయినప్పటికీ పాత పేరు వాడుకలో నిలిచి ఉన్నది.

ఈ దీవులతో తెలుగువారికి దగ్గర సంబంధం ఉన్నది. 2011 జనగణనలో ఇక్కడి జనాభాలో నూటికి సుమారు 13 మంది తమ మాతృభాషగా తెలుగును పేర్కొన్నారు. వీరిలో శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం ప్రాంతాల నుండి వచ్చి స్థిరపడిన కుటుంబాలు ఎక్కువ. వీరు గాక నౌకాదళం, కేంద్ర ప్రభుత్వ శాఖలు, బ్యాంకులు, విద్యాలయాలు మొదలైన వాటిలో బదిలీపై కొన్ని సంవత్సరాల కొరకు వచ్చి పోయే ఉద్యోగులు ఉంటారు. కారు తరలింపు అవసరం ప్రధానంగా ఈ రెండవ వర్గానికి కలుగుతుంది. వీరిలో చాలామందికి అదే కారును కొన్నేళ్ళ తరువాత తిరిగి తీసుకొని వెళ్ళవలసిన అవసరం కూడా ఉంటుంది.

తరలించుట, అమ్ముట

కారును వెంట తీసుకొని వెళ్ళుటయా, ఉన్నచోటనే అమ్మివేసి దీవిలో మరొకటి కొనుటయా అన్నది మొదట తేల్చుకొనవలసిన విషయం. ఓడ కిరాయి ఒక్కటే ఖర్చు కాదు. ఇంటి నుండి రేవుకు తరలింపు, కంటైనరులో ఎక్కించి బిగించే కూలి, రేవు రుసుములు, ఓడ కిరాయి, సముద్ర బీమా, అవతలి రేవులో దింపుడు కూలి, ఏజెంటు రుసుము, వీటిపై పన్నులు, దీవిలో కొత్తగా చెల్లించవలసిన రహదారి పన్ను అన్నీ కలిపి లెక్కించవలెను. తిరుగు ప్రయాణం ఉన్నట్లయితే వీటిలో చాలా భాగం రెండు మార్లు పడుతుంది.

ఓడ కిరాయి సాధారణంగా కారు ఆక్రమించే స్థలాన్ని బట్టి ఉంటుంది గాని దాని విలువను బట్టి కాదు. అందువలన విలువ తగ్గిన పాత కారుకు తరలింపు ఖర్చు దాని ధరలో పెద్ద భాగం అవుతుంది. కొత్తగా కొన్న కారుకు ఆ భాగం చిన్నది. మోటారు వాహనాల చట్టం ప్రకారం సొంత కారు రిజిస్ట్రేషన్ 15 సంవత్సరాలు చెల్లుతుంది. ఆ తరువాత తనిఖీ చేయించి 5 సంవత్సరాలకొకమారు పునరుద్ధరించుకొనవలెను. ఈ గడువు దగ్గర పడిన కారును సముద్రం దాటించుట సాధారణంగా లాభసాటి కాదు.

కారు ఏ కంపెనీదో, దాని మరమ్మతు కేంద్రం దీవిలో ఉన్నదో లేదో కూడా చూడవలెను. విడిభాగాలు కూడా ప్రధాన భూభాగం నుండే రావలసి ఉంటుంది. అద్దం పగిలినా, గేరుపెట్టె చెడినా, భాగం వచ్చేవరకు కారు నిలిచిపోతుంది. సి.ఎన్.జి. కార్ల యజమానులు దీవిలో ఆ ఇంధనం లభ్యతను ముందుగానే విచారించుకొనుట మంచిది.

బయలుదేరే రేవులు

ప్రధాన భూభాగంలో చెన్నై, కోల్‌కతా, విశాఖపట్నం రేవుల నుండి పోర్ట్ బ్లెయిర్‌కు ఓడ సంబంధాలు ఉన్నవి. చెన్నై నుండి దూరం సుమారు 1,190 కి.మీ., విశాఖపట్నం నుండి సుమారు 1,200 కి.మీ., కోల్‌కతా నుండి సుమారు 1,255 కి.మీ. ప్రయాణికుల ఓడలకు మూడు నాలుగు రోజులు పడుతుంది. ఈ మార్గంలో నడిచిన ఓడలలో స్వరాజ్ ద్వీప్ అనే ఓడ విశాఖపట్నంలోని హిందుస్థాన్ షిప్‌యార్డులో నిర్మించబడినది.

విశాఖపట్నం తెలుగువారికి దగ్గరి రేవు అయినప్పటికీ అక్కడి నుండి అండమాన్‌కు బయలుదేరే ఓడలు చెన్నై కంటే తక్కువ. కంటైనరు ఓడలకు చెన్నై ముఖ్యమైన రేవు. కాబట్టి ఉత్తరాంధ్రకు చెందినవారు కూడా కారును రోడ్డుమార్గాన చెన్నై తీసుకొని వెళ్ళి, అక్కడ అప్పగించుట కలదు. సరుకు ఓడ బయలుదేరే తేదీ రైలు వేళ వంటిది కాదు. సరుకు నిండుట, రేవులో చోటు దొరుకుట, వాతావరణం అనుకూలించుట అనే మూడింటిపై అది ఆధారపడి ఉంటుంది. ఉద్యోగంలో చేరవలసిన తేదీకి, కారు చేరే తేదీకి మధ్య కొన్ని వారాల తేడా ఉండవచ్చునని భావించి ఏర్పాట్లు చేసుకొనుట క్షేమం.

బంగాళాఖాతంలో తుఫానులు ఎక్కువగా రెండు కాలాలలో వస్తాయి: నైరుతి ఋతుపవనాలకు ముందు, అనగా ఏప్రిల్, మే నెలలలో, ఆ తరువాత అక్టోబరు నుండి డిసెంబరు వరకు. జూన్ నుండి సెప్టెంబరు వరకు తుఫానులు తక్కువైనా సముద్రం అలజడిగా ఉంటుంది. జనవరి నుండి మార్చి వరకు గల కాలం సాధారణంగా ప్రశాంతమైనది.

రవాణా పద్ధతులు

కంటైనరు పద్ధతి

కారును ఉక్కు పెట్టెలో ఉంచి, తలుపులు మూసి సీలు వేసి, ఆ పెట్టెను క్రేనుతో ఓడలోకి ఎక్కిస్తారు. కంటైనరు రవాణాకు ఆద్యుడు అమెరికాకు చెందిన మాల్కం మెక్‌లీన్. ఆయన ఏర్పాటు చేసిన ఐడియల్ ఎక్స్ అనే ఓడ 1956 ఏప్రిల్ 26న 58 కంటైనర్లతో నెవార్క్ నుండి హూస్టన్‌కు బయలుదేరినది.

20 అడుగుల కంటైనరు లోపలి పొడవు సుమారు 5.9 మీటర్లు, వెడల్పు సుమారు 2.35 మీటర్లు, ద్వారం ఎత్తు సుమారు 2.28 మీటర్లు. భారతదేశంలో 4 మీటర్ల లోపు పొడవు గల చిన్న కార్లు ఎక్కువ. అటువంటి కారు ఇందులో సులభంగా పడుతుంది. వెడల్పు విషయంలో మాత్రం ఇబ్బంది ఉన్నది. 1.7 మీటర్ల వెడల్పు గల కారుకు ఇరువైపులా మిగిలేది ముప్పై సెంటీమీటర్ల పైచిలుకు మాత్రమే. తలుపు పూర్తిగా తెరుచుకొనదు. లోపలికి నడిపిన మనిషి అతికష్టం మీద బయటకు రావలసి ఉంటుంది. కారు పక్కభాగాలకు గీతలు పడేది ఎక్కువగా ఈ దశలోనే. కాబట్టి అనుభవం గల మనిషి చేత ఎక్కించుట ముఖ్యం. 40 అడుగుల కంటైనరులో రెండు కార్లు ఉంచవచ్చును. ఒకే కాలంలో బదిలీ అయిన ఇద్దరు కలిసి దానిని తీసుకొంటే ఖర్చు పంచుకొనవచ్చును.

రో-రో పద్ధతి

ఓడకు గల వాలు వంతెన మీదుగా వాహనాన్ని నడిపి లోపలికి ఎక్కించి, అదే విధంగా అవతలి రేవులో దింపే పద్ధతిని రో-రో అంటారు. ఎక్కుట, దిగుట రెండూ చక్రాల మీదనే జరుగుతాయి గనుక క్రేను అవసరం లేదు. ప్రపంచంలో కొత్త కార్ల ఎగుమతి అధికంగా ఈ పద్ధతిలోనే జరుగుతున్నది. చిన్న జలమార్గాలలోనూ ఇది అనువైనది. కేరళలో ఫోర్ట్ కొచ్చి, వైపిన్ దీవి మధ్య 2018లో ప్రారంభమైన రో-రో పడవలు ఇందుకు ఉదాహరణ. అండమాన్ దీవుల లోపల జలసంధులు దాటించే వాహన పడవలు కూడా ఇదే సూత్రంపై పనిచేస్తాయి.

విడి సరుకుగా పంపుట

కారును కంటైనరులో ఉంచకుండా, చక్రాల కింద వలలు లేదా పట్టీలు అమర్చి, క్రేనుతో ఎత్తి ఓడ లోపలి గదిలో గాని, పైతట్టుపై గాని ఉంచుతారు. పైతట్టుపై ఉంచిన కారుకు ఎండ, వాన, ఉప్పునీటి తుంపరలు నేరుగా తగులుతాయి. అంతేగాక పైతట్టు సరుకు అని పత్రంలో వ్రాసి ఆ విధంగానే తీసుకొని వెళ్ళిన వస్తువులకు, ఓడ యాజమాన్యం బాధ్యతను నిర్ణయించే నియమాలు సాధారణంగా వర్తించవు. కాబట్టి కారును ఎక్కడ ఉంచుతారో ముందుగానే వ్రాతపూర్వకంగా తెలుసుకొనవలెను.

రిజిస్ట్రేషన్ పత్రాలు

వాహనాన్ని ఒక రాష్ట్రం నుండి మరొక రాష్ట్రానికి మార్చుటకు 1988 నాటి మోటారు వాహనాల చట్టం వర్తిస్తుంది. ఇందులోని ముఖ్య నియమాలు ఇవి:

47వ సెక్షను: ఒక రాష్ట్రంలో నమోదైన వాహనాన్ని మరొక రాష్ట్రంలో 12 నెలలకు మించి ఉంచినచో, అక్కడి రిజిస్ట్రేషన్ అధికారి వద్ద కొత్త సంఖ్య కొరకు దరఖాస్తు చేయవలెను. ఇందుకు 27వ నమూనా దరఖాస్తును వాడుతారు. అండమాన్ నికోబార్ వాహనాల సంఖ్యలు ఏ.ఎన్. అనే అక్షరాలతో మొదలవుతాయి.

48వ సెక్షను: కొత్త సంఖ్య కొరకు దరఖాస్తు చేయుటకు ముందు పాత అధికారి నుండి నిరభ్యంతర పత్రం పొందవలెను. ఇందుకు 28వ నమూనా దరఖాస్తు ఉన్నది. వాహనంపై దొంగతనం కేసు లేదని పోలీసుల నివేదిక వచ్చిన తరువాత, పన్ను బకాయిలు లేవని నిర్ధారించుకొన్న తరువాత పత్రం ఇస్తారు. అధికారి 30 రోజులలోగా పత్రం మంజూరు గాని, కారణాలతో తిరస్కారం గాని తెలియజేయవలెను. తెలియజేయనిచో మంజూరైనట్లుగానే చట్టం భావిస్తుంది.

49వ సెక్షను: నివాసం మారిన 30 రోజులలోగా కొత్త చిరునామాను తెలియజేయవలెను.

51వ సెక్షను: అప్పుపై కొన్న వాహనమైతే అప్పు ఇచ్చిన సంస్థ అంగీకారం కావలెను. ఈ అంగీకారం రావడానికి సమయం పట్టవచ్చును గనుక, బదిలీ ఉత్తర్వు చేతికి రాగానే దీనికి దరఖాస్తు చేయుట మంచిది.

పాత రాష్ట్రంలో జీవితకాల పన్ను చెల్లించి ఉన్నచో, మిగిలిన కాలానికి సంబంధించిన భాగాన్ని తిరిగి కోరుటకు అవకాశం ఉన్నది. ఈ నియమాలు రాష్ట్రాన్ని బట్టి మారుతాయి. సాధారణంగా కొత్త చోట నమోదైనట్లు ఆధారం చూపిన తరువాతనే సొమ్ము వాపసు కోరవలసి ఉంటుంది. కాబట్టి పాత రిజిస్ట్రేషన్ పత్రం నకలు, పన్ను రసీదు, నిరభ్యంతర పత్రం నకలు భద్రపరచుకొనవలెను.

తరచుగా బదిలీలు గలవారి కొరకు 2021లో కేంద్ర ప్రభుత్వం బి.హెచ్. శ్రేణి రిజిస్ట్రేషన్ ప్రవేశపెట్టినది. కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగులు, రక్షణ సిబ్బంది, ప్రభుత్వరంగ సంస్థల ఉద్యోగులు, నాలుగు లేదా అంతకంటే ఎక్కువ రాష్ట్రాలలో కార్యాలయాలు గల ప్రైవేటు సంస్థల ఉద్యోగులు దీనికి అర్హులు. ఈ శ్రేణి వాహనం మరొక రాష్ట్రానికి మారినపుడు కొత్త సంఖ్య అవసరం లేదు. పన్నును జీవితకాలానికి గాక రెండేసి సంవత్సరాలకు చెల్లిస్తారు. బదిలీలు తప్పవని తెలిసినవారు కారు కొన్నపుడే ఈ శ్రేణిని ఎంచుకొన్నచో పైన చెప్పిన శ్రమ చాలావరకు తప్పుతుంది.

డ్రైవింగ్ లైసెన్సు దేశమంతటా చెల్లుతుంది. దీవులకు వచ్చినంత మాత్రాన కొత్తది తీసుకొనవలసిన అవసరం లేదు.

సముద్ర ప్రమాదాలు

కార్లతో వెళ్ళే ఓడలకు ప్రమాదాలు అరుదే అయినా, జరిగినపుడు నష్టం పెద్దదిగా ఉంటుంది. 2019 సెప్టెంబరులో గోల్డెన్ రే అనే కార్ల ఓడ అమెరికాలోని జార్జియా తీరంలో సుమారు 4,200 వాహనాలతో ఒరిగిపోయినది. 2022 ఫిబ్రవరిలో ఫెలిసిటీ ఏస్ అనే ఓడ అజోర్స్ దీవుల సమీపంలో మంటలపాలై, సుమారు 4,000 కార్లతో మార్చి 1న మునిగిపోయినది. 2025 జూన్‌లో మార్నింగ్ మిడాస్ అనే ఓడ సుమారు 3,000 వాహనాలతో అలాస్కాకు దూరంగా పసిఫిక్ సముద్రంలో మంటలంటుకొని మునిగినది.

కంటైనర్లలో పంపినంత మాత్రాన ప్రమాదం ఉండదనుకొనరాదు. 2025 మే నెలలో ఎం.ఎస్.సి. ఎల్సా 3 అనే ఓడ 640కి పైగా కంటైనర్లతో కేరళ తీరానికి దూరంగా మునిగిపోయినది. అందులోని కంటైనర్లు కొన్ని తీరానికి కొట్టుకొని వచ్చినవి.

బీమా

మోటారు పాలసీ పరిధి

భారతదేశంలో అమలులో ఉన్న ప్రామాణిక సమగ్ర మోటారు పాలసీ, వాహనానికి జరిగే నష్టాలను వరుసగా పేర్కొంటుంది: అగ్ని, దొంగతనం, అల్లర్లు, భూకంపం, వరద, తుఫాను, ప్రమాదం మొదలైనవి. వాహనాన్ని ఒక చోటి నుండి మరొక చోటికి రవాణా చేయునపుడు కలిగే నష్టం కూడా ఈ వరుసలో ఉన్నది. అయితే అక్కడ పేర్కొన్న మార్గాలు రోడ్డు, రైలు, లోతట్టు జలమార్గం, లిఫ్టు, ఎలివేటరు, విమానం. సముద్రం ఈ జాబితాలో లేదు. లోతట్టు జలమార్గం అనగా నదులు, కాలువలు మొదలైనవే గాని బంగాళాఖాతం కాదు.

తన కారుకు సమగ్ర బీమా ఉన్నదన్న ధీమాతో ఓడ ఎక్కించిన యజమానికి, ఓడపై జరిగిన నష్టానికి ఆ పాలసీ నుండి పరిహారం లభిస్తుందన్న భరోసా లేదు. పంపుటకు ముందు బీమా సంస్థను వ్రాతపూర్వకంగా అడిగి సమాధానం తీసుకొనవలెను. దానితో నిమిత్తం లేకుండా సముద్ర ప్రయాణం వరకు విడిగా సరుకు బీమా తీసుకొనవలెను.

సరుకు బీమా రకాలు

సముద్ర సరుకు బీమాలో సాధారణంగా ఏ, బి, సి అనే మూడు తరగతుల షరతులు ఉన్నవి. ఏ తరగతి అన్నిటికంటే విస్తృతమైనది. ప్రత్యేకంగా మినహాయించినవి తప్ప తక్కిన ఆకస్మిక నష్టాలన్నీ దీని పరిధిలోకి వస్తాయి. సి తరగతి అన్నిటికంటే ఇరుకైనది. ఓడ మునుగుట, తగలబడుట, ఢీకొనుట వంటి పెద్ద ప్రమాదాలకే అది వర్తిస్తుంది. ఎక్కించునపుడు, దింపునపుడు పడే సొట్టలు, అద్దాలు పగులుట వంటివి సి తరగతిలో రావు. వాడిన కార్లకు గీతలు, తుప్పు వంటి వాటిని మినహాయించే షరతును బీమా సంస్థ చేర్చవచ్చును. కారును రేవులో అప్పగించిన క్షణం నుండి అవతలి రేవులో తీసుకొనే క్షణం వరకు పాలసీ వర్తించేటట్లు చూసుకొనవలెను.

ఓడ యాజమాన్యం బాధ్యత

నష్టం జరిగితే ఓడవారే భరిస్తారు కదా అన్న అభిప్రాయం సరి కాదు. భారతదేశంలో సముద్ర సరుకు రవాణాకు 1925 నాటి చట్టం వర్తించేది. దాని స్థానంలో 2025లో కొత్త చట్టం వచ్చినది. ఈ చట్టాలకు ఆధారమైన అంతర్జాతీయ నియమాల ప్రకారం, సముద్రపు ఆపదల వలన గాని, ఓడ నడపడంలో నావికుల పొరపాటు వలన గాని కలిగిన నష్టానికి ఓడ యాజమాన్యం బాధ్యత వహించదు. అగ్ని ప్రమాదంలో కూడా యాజమాన్యం స్వయంగా చేసిన తప్పు ఉంటే తప్ప బాధ్యత ఉండదు.

బాధ్యత ఉన్న సందర్భంలోనూ దానికి ఒక పరిమితి కలదు. ఒక్కొక్క సరుకు యూనిట్‌కు 666.67 ఎస్.డి.ఆర్. లేదా మొత్తం బరువులో కిలోకు 2 ఎస్.డి.ఆర్., వీటిలో ఏది ఎక్కువైతే అది. ఎస్.డి.ఆర్. అనేది అంతర్జాతీయ ద్రవ్యనిధి లెక్కల ప్రమాణం. దాని విలువ ఒక అమెరికన్ డాలరు కంటే కొంత ఎక్కువ. ఉదాహరణకు 1,000 కిలోల బరువు, ఏడు లక్షల రూపాయల విలువ గల కారును తీసుకొందాము. బరువు ప్రకారం పరిమితి 2,000 ఎస్.డి.ఆర్. అనగా రెండు లక్షల నుండి రెండున్నర లక్షల రూపాయల ప్రాంతం. కారు పూర్తిగా పోయినా అంతకు మించి రాదు. మిగిలిన నాలుగున్నర లక్షల పైచిలుకు యజమాని నష్టమే. సరుకు విలువను బిల్ ఆఫ్ లేడింగ్ అనే ఓడ రవాణా పత్రంలో ముందుగా ప్రకటించి చేర్చినచో ఈ పరిమితి వర్తించదు. కాని అందుకు కిరాయి పెరగవచ్చును.

జనరల్ యావరేజి

సముద్ర వ్యాపారంలో ప్రాచీన కాలం నుండి వస్తున్న నియమం ఇది. ఓడకు ఆపద వచ్చినపుడు అందరినీ కాపాడుటకు కొంత సరుకును సముద్రంలో పారవేసినా, అదనపు ఖర్చు చేసినా, ఆ నష్టాన్ని ఓడ యజమాని, సరుకుల యజమానులు అందరూ తమ తమ ఆస్తి విలువల నిష్పత్తిలో పంచుకొనవలెను. భారత సముద్ర బీమా చట్టం, 1963 ఈ నష్టాన్ని 66వ సెక్షనులో నిర్వచించినది. దీని ఫలితంగా, కారు చెక్కుచెదరకుండా చేరినప్పటికీ, యజమాని తన వాటా చెల్లించనిదే లేదా హామీ ఇవ్వనిదే కారును అప్పగించకపోవచ్చును. సరుకు బీమా ఉన్నచో ఈ వాటాను బీమా సంస్థ భరిస్తుంది.

కారును సిద్ధం చేయుట

రేవుకు అప్పగించుటకు ముందు కారును లోపల, వెలుపల శుభ్రంగా కడిగించవలెను. మురికి ఉంటే అంతకుముందే ఉన్న గీతలు కనిపించవు. తరువాత నాలుగు వైపులా, పైకప్పు, చక్రాలు, లోపలి భాగం, కిలోమీటర్ల మీటరు తేదీతో సహా ఫోటోలు తీయించి, ఉన్న సొట్టలను ఒక పట్టికగా వ్రాసి, తీసుకొనేవారి సంతకం చేయించుకొనవలెను. నష్టపరిహారం కోరునపుడు ఇదే ముఖ్య సాక్ష్యం అవుతుంది.

పెట్రోలు, డీజిలు వాహనాలను సముద్ర రవాణా నియమాలు ప్రమాదకర సరుకుల 9వ తరగతిలో చేర్చినవి. ట్యాంకులో ఇంధనం నాలుగవ వంతుకు మించరాదన్నది అందులోని ఒక షరతు. కొందరు రవాణాదారులు పూర్తిగా ఖాళీ చేయమంటారు. గ్యాసుతో నడిచే కారుకు సిలిండరును ఖాళీ చేసి కవాటం మూసివేయవలెను. బ్యాటరీ తీగలు విప్పి, చివరలకు గుడ్డ లేదా టేపు చుట్టవలెను. విద్యుత్తు కార్లకు బ్యాటరీలో ఎంత ఛార్జి ఉండవలెనో రవాణాదారు చెప్పిన ప్రకారం చేయవలెను.

కారులో ఇంటి సామాను నింపి పంపుట మంచిది కాదు. బరువు పెరుగుట, లోపలి భాగాలు దెబ్బతినుట అటుంచి, ఆ సామాను కారు బీమా పరిధిలోకి రాదు. కంటైనరులో చేతిబ్రేకు వేసి, మొదటి గేరులో ఉంచి, చక్రాలకు ముందు వెనుక కొయ్య దిమ్మెలు బిగించి, కారు కింది కొక్కాలకు పట్టీలు కడతారు. రాత్రింబవళ్ళ ఉష్ణోగ్రతల తేడా వలన పెట్టె లోపలి తేమ పైకప్పుకు పట్టి చినుకులుగా రాలుతుంది. తేమ పీల్చే సంచులు వ్రేలాడదీసి దీనిని తగ్గిస్తారు.

దీవికి చేరిన తరువాత

పోర్ట్ బ్లెయిర్‌లో సరుకు ఓడలకు ముఖ్యమైన రేవు హద్దో. కారు దిగిన సమాచారం రాగానే ఆలస్యం చేయక తీసుకొనవలెను. గడువు దాటినచో రేవులో నిలువ ఉంచినందుకు రుసుము పడుతుంది. సీలు సంఖ్య పత్రంలోని సంఖ్యతో సరిపోయినదో లేదో చూసి, రవాణాదారు ప్రతినిధి ఎదుటనే కంటైనరు తెరిపించవలెను.

నష్టం కంటికి కనిపించినచో, కారును స్వీకరించే సమయంలోనే వ్రాతపూర్వకంగా తెలియజేయవలెను. వెంటనే కనిపించని నష్టమైతే మూడు రోజులలోగా తెలియజేయవలెను. అట్లు చేయనిచో సరుకు బాగుగానే అందినట్లు భావిస్తారు. ఓడ యాజమాన్యంపై దావా వేయుటకు గడువు ఒక సంవత్సరం. అందువలన వర్షంలో, చీకటిలో హడావుడిగా సంతకం చేసి కారు తీసుకొనుట శ్రేయస్కరం కాదు. నష్టం ఉన్నచో బీమా సంస్థ సర్వేయరు చూసేవరకు మరమ్మతు చేయించరాదు.

దీవులలో కారు వాడకం

గ్రేట్ అండమాన్ దీవులను కలిపే ముఖ్యమైన రోడ్డు అండమాన్ ట్రంక్ రోడ్డు. ఇది పోర్ట్ బ్లెయిర్ నుండి ఉత్తరాన డిగ్లిపూర్ వరకు వెళ్ళే జాతీయ రహదారి 4లో భాగం. ఈ మార్గం జారవా ఆదివాసుల రక్షిత ప్రాంతం గుండా సాగుతుంది. 1956 నాటి ఆదిమ తెగల రక్షణ నిబంధనలు ఇక్కడ అమలులో ఉన్నవి. ఈ రోడ్డులోని కొన్ని భాగాలను మూసివేయవలెనని 2002లో సుప్రీంకోర్టు ఆదేశించినది. అయినను రోడ్డు వాడుకలోనే ఉన్నది. రక్షిత ప్రాంతంలో వాహనాలు నిర్ణీత సమయాలలో పోలీసు రక్షణతో వరుసగా వెళ్ళవలెను. మధ్యలో ఆగుట, ఫోటోలు తీయుట, జారవాలకు ఆహారం ఇచ్చుట నిషిద్ధం. సొంత కారు ఉన్నంత మాత్రాన ఈ దారిలో ఇష్టం వచ్చిన వేళ వెళ్ళుటకు వీలు లేదు.

నగరానికి ఆనుకొని ఉన్న చాథం దీవి వంతెనతో కలపబడి ఉన్నది. అక్కడి నుండి బాంబూఫ్లాట్‌కు వాహనాల పడవ నడుస్తుంది. 2018 డిసెంబరులో స్వరాజ్ ద్వీప్‌గా పేరు మారిన హేవ్‌లాక్, షహీద్ ద్వీప్‌గా పేరు మారిన నీల్ దీవులు సముద్రం మధ్యన ఉన్నవి. వాటిని సందర్శించేవారు సాధారణంగా కారును పోర్ట్ బ్లెయిర్‌లో వదలి వెళతారు. నికోబార్ దీవులలోని గిరిజన రక్షిత ప్రాంతాలకు వెళ్ళుటకు ప్రత్యేక అనుమతి కావలెను.

దీవులలో పెట్రోలు, డీజిలుపై స్థానిక పన్ను స్వల్పం. అందువలన వీటి ధరలు దేశంలోని అతి తక్కువ ధరలలో ఉంటున్నవి. ఇది కారు యజమానులకు అనుకూలం. తుప్పు మాత్రం ప్రతికూలం. ఇక్కడ ఏడాదికి సుమారు 3,000 మిల్లీమీటర్ల వర్షం కురుస్తుంది. గాలిలోని ఉప్పు కణాలు తేమతో కలిసి ఇనుముపై చేరినపుడు, ఆ ఉప్పునీరు విద్యుత్తును ప్రసరింపజేసి లోహక్షయాన్ని వేగవంతం చేస్తుంది. రంగు పోయిన గీత, కింది తట్టు, పొగగొట్టం, బ్రేకు గొట్టాలు ముందుగా దెబ్బతింటాయి. బయలుదేరుటకు ముందే కింది భాగానికి తుప్పు నిరోధక పూత వేయించుట, దీవిలో తరచుగా మంచినీటితో కింది భాగం కడిగించుట, గీతలకు వెంటనే రంగు వేయించుట దీనికి నివారణలు.

ఇతర దీవులతో పోలిక

దీవికి కారు తీసుకొని వెళ్ళుట ఎంత కష్టమన్నది దూరం, వంతెన, పడవ అనే మూడింటిని బట్టి ఉంటుంది. తమిళనాడులోని రామేశ్వరం కూడా దీవియే. కాని 1988లో పాంబన్ రోడ్డు వంతెన ప్రారంభమైనప్పటి నుండి కారు నేరుగా వెళుతుంది. ఇటలీలో సిసిలీ దీవికి మెస్సీనా జలసంధి మీదుగా వాహనాల పడవలు ఉన్నవి. యజమాని తన కారుతోపాటే దాటుతాడు.

దూరంలో అండమాన్‌తో పోల్చదగినది, అంతకు మించినది అమెరికాకు చెందిన హవాయి. అక్కడికి కార్లు సరుకు ఓడలలోనే వెళతాయి. అమెరికా రేవుల మధ్య సరుకు రవాణాను ఆ దేశంలో నిర్మించిన, ఆ దేశపు ఓడలకే పరిమితం చేసే 1920 నాటి జోన్స్ చట్టం అక్కడ వర్తిస్తుంది. హవాయి దీవుల మధ్య ప్రయాణికులను, కార్లను కలిపి తీసుకొని వెళ్ళే సూపర్‌ఫెర్రీ అనే ఓడ 2007లో ప్రారంభమై, పర్యావరణ సమీక్షకు సంబంధించిన కోర్టు తీర్పు తరువాత 2009లో ఆగిపోయినది.

అండమాన్‌లోనూ, హవాయిలోనూ యజమాని ఒక దారిన, కారు మరొక దారిన ప్రయాణిస్తాయి. ఆ కొద్ది వారాలు కారు పరుల చేతిలో ఉంటుంది. ఆ కాలంలో యజమానికి రక్షణగా నిలిచేవి సంతకం చేసిన పట్టిక, బిల్ ఆఫ్ లేడింగ్, సముద్ర బీమా పాలసీ. ఈ మూడు పత్రాల మూలప్రతులను కారులో ఉంచక, యజమాని తన వెంట తీసుకొని వెళ్ళవలెను.